పేరు పక్కన మూడక్షరాలు

ఫోన్ మోగినప్పుడల్లా తబిత గుండె ఝల్లుమనడం ఆ ఏడు ఫిబ్రవరిలో ఒక మంగళవారం మొదలైంది.

అప్పటిదాకా ఆమెకి ఫోనంటే కూతురి గొంతు. లావణ్య రాజమండ్రిలో నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. హాస్టల్ నుంచి రోజూ పొద్దున్నే చేసి, తిన్నావా, బయల్దేరావా అని రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తుంది. అది కాక చర్చిలో స్త్రీల సమాజం వాళ్ల మెసేజులు. కాలవ గట్టు పక్క హైస్కూల్లో మధ్యాహ్న భోజనం వండే మనిషికి అంతకంటే ఎవరు చేస్తారు?

ఆ మంగళవారం పదిన్నర వేళ వంటషెడ్డులో సాంబారు మరుగుతోంది. తబిత రెండు చేతులూ చింతపండు పులుసులో ఉన్నాయి. కిటికీ గట్టు మీద ఫోన్ మోగింది. ఆరేళ్లుగా తనతో కలిసి వండుతున్న సూరమ్మ ఆనపకాయ తరగడం ఆపి, చీర చెంగుతో చెయ్యి తుడుచుకుని, "ఉండు, నేను తీస్తాను," అంటూ స్పీకరు నొక్కింది.

"నమస్కారం, తబిత గారూ," అంది ఒక ఆడగొంతు. రికార్డు చేసిన గొంతు. పేరు మాత్రం ఎక్కడినుంచో తెచ్చి మధ్యలో అతికించినట్టు వేరేగా పలికింది. "ప్రతి నెలా మీ బ్యాంకు ఖాతాలో జమ అవుతున్న ఏఆర్టీ పింఛను మీకు సక్రమంగా అందుతోందా? అందుతుంటే ఒకటి నొక్కండి. రాబోయే ఎన్నికల్లో మీ ఓటు..."

తబిత పులుసు చేత్తోనే ఫోన్ లాక్కుని ఆపేసింది. చింతపండు రసం అద్దం మీంచి జారి కింద పడింది.

సూరమ్మ ఆమెనే చూస్తోంది. "నీకు పింఛనొస్తోందా? ఇన్నేళ్లూ వితంతు పింఛనుకి పెట్టుకోవే అని చెవినిల్లు కట్టుకుని చెప్తున్నాను. వద్దు వదినా, వద్దు వదినా అంటావు. మరిదేంటి? ఏఆర్టీ అంటే ఏంటి?"

"రాంగ్ నంబరొదినా."

"నీ పేరెట్టి పిలిచింది కదే."

"అన్నీ కంప్యూటర్లే కదా. ఎవరి పేరు ఎవరికి తగిలిస్తాయో వాటికే తెలీదు."

సూరమ్మ మళ్లీ కత్తిపీట మీద కూర్చుంది. ఆ రోజు సాంబారులో ఉప్పు రెండుసార్లు పడింది. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు నీళ్ల కుళాయి దగ్గర ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటూ పోయారు. ఆ నవ్వు కూడా తన గురించేనేమో అని తబితకి అనిపించింది.

*

ఏఆర్టీ అంటే ఏమిటో ఆ ఊళ్లో తబితకి తెలుసు. ఇంకెవరికీ తెలియదని ఆమె నమ్మకం. హెచ్చైవీ ఉన్నవాళ్లు జీవితాంతం రోజూ వేసుకునే మందులకి ఆస్పత్రి వాళ్లు పెట్టుకున్న పేరది. ఆ మందులు వాడేవాళ్లకి ప్రభుత్వం నెలనెలా పింఛనిస్తుంది.

ఆమెకి ఆ జబ్బు ఎలా వచ్చిందో చెప్పాలంటే గల్ఫ్ దాకా వెళ్లాలి. లావణ్యకి నాలుగేళ్లప్పుడు, కూలి పనులతో ఇల్లు గడవక, పిల్లని తన తల్లి దగ్గర వదిలి తబిత అరబ్బుల ఇంట్లో పనికి వెళ్లింది. వెళ్లేముందు మద్రాసులో రక్తం తీసి చూశారు. ఏమీ లేదు. మూడేళ్లకి సెలవు మీద వచ్చి రెండు నెలలుంది. భర్త యెహెజ్కేలు లారీ మీద డ్రైవరు. అప్పటికే మనిషి చిక్కిపోయి దగ్గుతున్నాడు. ఎండల్లో తిరుగుతున్నాడు కదా అనుకుంది. తిరిగి వెళ్లాక, అక్కడ ఉండే అనుమతి కాగితం పొడిగించడానికి మళ్లీ రక్తం తీశారు.

నాలుగో రోజు ఇద్దరు పోలీసులొచ్చారు. ఇంటి యజమానురాలు తబిత బట్టల సంచీ గుమ్మం బయట పెట్టి తలుపేసుకుంది. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఒక గదిలో నిలబెట్టి పది వేళ్లూ ఒక గాజుపలక మీద నొక్కించారు. తల పట్టుకుని కళ్లు మిషన్‌కి ఆనించారు. ఆ తర్వాత ముప్పైమంది ఆడవాళ్లున్న హాల్లో పన్నెండు రోజులుంచారు. అక్కడికి మందులు పంచడానికొచ్చే మలయాళీ నర్సు ఒకామె ఒక రోజు పక్కన కూర్చుని, వచ్చీరాని తెలుగులో గుసగుసగా చెప్పింది. "చెల్లీ, నీ రక్తంలో ఎయిడ్స్ పురుగుంది. ఇంటికి పంపుతారు. మళ్లీ రావద్దు. పేరు మార్చుకున్నా, పాస్‌పోర్టు మార్చుకున్నా వేళ్లు పట్టించేస్తాయి."

రాజుగారి దేశం. ఎందుకని అడగడానికి మనిషి లేడు, అడిగే హక్కుందని చెప్పినవాడూ లేడు. విమానంలో కూర్చున్నాక తబిత తన పది వేళ్లూ చూసుకుని ఏడ్చింది.

వచ్చిన ఏడాదికి యెహెజ్కేలు పోయాడు. టీబీ అన్నారు ఊళ్లో. అది అబద్ధమూ కాదు. తబిత లావణ్యకి రక్తపరీక్ష చేయించింది. పిల్లకి లేదని తేలిన రోజున ఆస్పత్రి వరండాలో మోకాళ్ల మీద కూలబడిపోయింది. అక్కడే సుధాకర్ ఆమెని చూశాడు. రాజమండ్రి మందుల కేంద్రంలో కౌన్సెలరు. కుర్చీ తెచ్చి వేశాడు. నీళ్లిచ్చాడు.

"మందులు మానకుండా వేసుకుంటే మీకేం కాదండీ. మీ వంట తింటే ఎవరికీ రాదు, మీ గ్లాసులో తాగితే రాదు. మీ పేరు ఈ గది దాటి బయటికి పోదు. నమ్మండి."

ఆ మాటే తబితని పట్టుకుంది. అక్కడ ఆ దేశంలో నమ్మమని ఎవరూ అడగలేదు. వేళ్లు తీసుకున్నారు, పంపేశారు. ఇక్కడ ఒక మనిషి ఎదురుగా కూర్చుని అడుగుతున్నాడు. కొన్నేళ్ల తర్వాత పింఛను కాగితం మీద వేలిముద్ర వేయమన్నప్పుడు కూడా ఆయన మాట మీదే వేసింది. అందరి పింఛనులా ఇంటికొచ్చి చేతికివ్వరు, బ్యాంకులో పడుతుంది, ఊళ్లో చీమకి కూడా తెలియదు అన్నాడు. నిజంగానే ఇన్నేళ్లూ తెలియలేదు. మాత్రలు థైరాయిడ్ మాత్రల డబ్బాలోకి మార్చి పెట్టుకునేది. ఇంట్లో కూతురికీ థైరాయిడ్ అనే చెప్పింది. వైరల్ లోడ్ అనే పరీక్షలో రక్తంలో పురుగు కనబడనంత తగ్గిపోయిందని డాక్టరమ్మ చెప్పాకే స్కూల్లో వంటకి ఒప్పుకుంది.

ఇప్పుడు ఆ మూడక్షరాలూ వంటషెడ్డులో స్పీకరు మీద వినబడ్డాయి.

*

ఆదివారం ఆరాధన అయ్యాక తబిత ఇంటికొచ్చి చీర మార్చుకుంటుండగా గేటు చప్పుడైంది. శ్యాంబాబు. రెండు వీధుల అవతల సిమెంటు కొట్టు నడుపుతాడు. చర్చిలో సంఘపెద్ద, ఎన్నికలొస్తే ఒక పార్టీకి బూత్ ఏజెంటు. యెహెజ్కేలు సమాధికి ఇటుకలు ఊరికే ఇచ్చినవాడు.

"ఓటరు లిస్టు చూసుకుంటున్నామక్కా. ఒక్క నిమిషం." గేటు మీద మోచేతులానించి ఫోన్ తెరిచాడు. వేలితో పైకి తోస్తూ చదవడం మొదలెట్టాడు. "తబిత, భర్త యెహెజ్కేలు, లేటు. వయసు నలభై నాలుగు. ఓట్లు రెండు, లావణ్యది ఇక్కడే ఉంది. గ్యాసుంది. ఇల్లు సొంతం. కులం... సరే, అది మనకి తెలిసిందే. చదువు ఏడు. గల్ఫ్ రిటర్న్. పింఛను..."

వేలు ఆగింది.

శ్యాంబాబు ఫోన్ కొంచెం దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పట్టుకుని చూశాడు. కళ్లజోడు లేక చూశాడో, అర్థమయ్యే చూశాడో ఆమెకి తెలియలేదు. తర్వాత ఫోన్ జేబులో పెట్టేశాడు.

"ఈసారి మనవాళ్లకే వేయాలక్కా. మీకొచ్చేది ఎక్కడికీ పోకుండా నేను చూసుకుంటాను."

"నాకొచ్చేదేంటి బాబూ?"

"ఏదైనా. అన్నీ కలిపే అంటున్నాను." చిన్నగా నవ్వాడు. ఎప్పటి నవ్వే.

"ఆ ఫోన్లో ఇవన్నీ ఎవరు రాశారు?"

"పార్టీవాళ్లు ఇచ్చిన యాప్ అక్కా. మాకే కాదు, అవతలవాళ్లకీ ఉంది, ఇంచుమించు ఇదే. ఎవరో కూర్చుని రాసేదేముంది? మీరే కదా ఇచ్చారు. సర్వే అన్నప్పుడల్లా, పథకం అన్నప్పుడల్లా చెప్తారు కదా, అన్నీ ఒక దగ్గర చేరతాయి." వెళ్లబోతూ ఆగాడు. "ఒంట్లో బాగుంటుందా అక్కా?"

"బాగానే ఉంది బాబూ."

"ఆయ్. ఉంటానైతే."

ఆ చివరి ప్రశ్న తబితని మూడు రోజులు నిద్రపోనివ్వలేదు. పలకరింపుకి అడిగాడా? తెలిసే అడిగాడా? అదే మాట గతంలో ఎన్నిసార్లు అడిగుంటాడు, తను ఎప్పుడూ పట్టించుకోలేదే. ఆ వీధిలో ఇంకా ఎన్ని ఫోన్లలో ఆ యాప్ ఉందో, ఎవరెవరు వేలితో పైకి తోస్తూ తన ఇంటి దగ్గర ఆగారో లెక్కపెట్టుకుంటూ పడుకునేది. గేటు ముందు ఎవరైనా ఫోన్ చూసుకుంటూ నడిచి వెళ్తే, వాళ్లు మలుపు తిరిగేదాకా కిటికీ పక్కన నక్కి చూసేది.

బుధవారం స్కూల్లో సెలవడిగి రాజమండ్రి బస్సెక్కింది. ధవళేశ్వరం బ్యారేజీ మీద బస్సు వెళ్తుంటే కింద గోదావరి సగం ఇసుకమేటలు. పక్క సీటాయన ఫోన్లో ఏదో చూస్తుంటే, తబిత కొంగు మొహం మీదికి లాక్కుంది. తర్వాత, ఇదేం పిచ్చి అని తనకే సిగ్గేసింది.

సుధాకర్ ఆమె చెప్పిందంతా విని, లేచి తలుపేశాడు.

"మీరొక్కరే కాదండీ. ఈ వారంలో నలుగురొచ్చారు. మా దగ్గర నుంచి పోలేదు తబిత గారూ, ప్రమాణం చేసి చెప్తాను. ఎక్కడ కారిందో నాకూ తెలీదు. లిస్టు ఎన్ని ఆఫీసులు తిరుగుతుందో, ఎన్ని కంప్యూటర్లలో ఉంటుందో."

"మీరే కదండీ బయటికి పోదన్నారు."

"అన్నానండి." ఆయన తలదించుకున్నాడు. "దీనికి చట్టం ఉంది. మనిషి ఒప్పుకోకుండా ఈ సంగతి బయటపెట్టడం నేరం. మీరు ఫిర్యాదివ్వొచ్చు."

"ఫిర్యాదులో ఏమని రాయాలండీ? నాకు ఫలానా జబ్బుందని ఊరికి తెలిసిపోతోందని రాయాలి. అది చదివేవాళ్లెంతమంది?"

సుధాకర్ నెల మందులిచ్చి గుమ్మం దాకా వచ్చాడు. అంతకు ముందు ఏ రోజూ అలా రాలేదు.

లావణ్య హాస్టల్ అక్కడికి పది నిమిషాల నడక. తబిత గేటు దాకా వెళ్లింది. తెల్ల కోట్లు వేసుకున్న ఆడపిల్లలు గుంపుగా బయటికొస్తుంటే చెట్టు చాటుకి తప్పుకుని, వెనక్కి తిరిగి బస్టాండుకి వచ్చేసింది.

మరుసటి రోజు మధ్యాహ్నం గ్రామ సచివాలయానికి వెళ్లింది. కంప్యూటరు ముందు దేవిశ్రీ ఉంది. కొత్తగా వచ్చిన అమ్మాయి, ఊరిది కాదు. అందుకే ధైర్యం చేసింది.

"పింఛనొద్దమ్మా నాకు. నా పేరు తీసేయండి."

దేవిశ్రీ ఆధార్ నంబరు కొట్టి, తెర చూసి, చుట్టూ చూసి గొంతు తగ్గించింది. ఆ పిల్లకి అర్థమైంది. "ఎందుకండీ ఆపుకోవడం? మందులకి కావాలి కదా."

"వద్దమ్మా. పేరు పోతే చాలు."

"ఆపొచ్చండి. వేలిముద్ర వేసి, కారణం రాస్తే ఆగుతుంది. కానీ పేరు పోదండి. ఫలానా తేదీన ఆగిందని రాసుంటుంది. మేం చెరపలేమండి, ఆ బటన్ మాకు లేదు."

"ఎవరికుంది?"

"నాకు తెలీదండి." దేవిశ్రీ నిజంగానే ఆలోచించి చెప్పింది. "ఎవరికైనా ఉందో లేదో కూడా తెలీదు."

వేలిముద్ర మిషను బల్ల మీద ఎర్రగా వెలుగుతోంది. తబిత చేతులు కొంగులో దాచుకుని లేచి వచ్చేసింది.

*

మర్నాడు షెడ్డులో టీ కాచుకున్నప్పుడు తబిత చూసింది. తన స్టీలు గ్లాసు మిగిలిన వాటితో లేదు. గట్టు చివర, అగ్గిపెట్టె పక్కన, విడిగా బోర్లించి ఉంది.

ఆరేళ్లుగా ఆ షెడ్డులో నాలుగు గ్లాసులూ ఒక పళ్లెంలో ఉండేవి. ఎవరిది ఎవరు తాగినా అడిగినవాళ్లు లేరు. తబిత ఆ గ్లాసు తీసుకుని టీ పోసుకుంది. సూరమ్మ గుడ్లు ఒలుస్తోంది, తలెత్తలేదు. ఇంటర్ చదివే ఆమె మనవరాలు ఏఆర్టీ అంటే ఏంటో ఫోన్లో వెతికి చెప్పుంటుంది, లేదా ఇంకెవరైనా. అడిగితే జబ్బు ఉందని ఒప్పుకున్నట్టవుతుంది.

అవతలివారంలో సత్తిరాజు వచ్చాడు. ఏడో తరగతి పిల్ల తండ్రి, రొయ్యల చెరువులు లీజుకి చేస్తాడు, శ్యాంబాబుకి అవతలి పార్టీలో తిరుగుతాడు. బండి దిగకుండానే షెడ్డులోకి చూసి, "సూరమ్మ గారూ, ఒకసారిట్రండి," అన్నాడు. తబిత బియ్యం బస్తాల వెనక ఉంది. అతనికి కనబడదు. మాట మాత్రం వినబడుతోంది.

"ఆవిడకేదో జబ్బని మావాళ్లనుకుంటున్నారు. పిల్లలు తినే చోటు కదండీ. ఏంటి సంగతి?"

సూరమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంది. ఆ క్షణంలో తబితకి పిల్లలందరూ కంచాలు అక్కడే వదిలేసి వెళ్లిపోవడం, హెచ్చెమ్ మేడం పిలిపించడం, లావణ్య హాస్టల్లో ఎవరో ఫోన్ చూపించి మీ అమ్మేనా అనడం కళ్లకి కట్టినట్టు కనబడ్డాయి.

"థైరాయిడండి," అంది సూరమ్మ. "మాత్రలేసుకుంటాది. నేను చూశాను కదా. మీవాళ్లకి పనీపాటా లేక."

బండి వెళ్లిపోయింది. తబిత బయటికొచ్చి, "వదినా," అంది.

సూరమ్మ చేత్తో ఆపింది. "నాకేం చెప్పకు. ఈ షెడ్డు మూతపడితే నేనూ పోతాను ఇంటికి. నాకు మనవరాలి ఫీజులున్నాయి." పొయ్యి వైపు తిరిగి, "నాకు భయమే తబితా. ఏం చెయ్యమంటావు?" అంది.

గ్లాసు మాత్రం విడిగానే ఉంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక తబితకి ఒక సంగతి స్పష్టంగా తెలిసింది. శ్యాంబాబుకి తెలుసు కాబోలు. సూరమ్మకి తెలుసు. సత్తిరాజు తెలుసుకోబోతున్నాడు. ఎక్కడో ఆఫీసుల్లో మొహం తెలియని మనుషులకి ఎప్పటినుంచో తెలుసు. తెలియంది లావణ్యకే. రేపోమాపో ఎవరో ఒకరు చెప్తారు. ఎవరు చెప్తారన్నదొక్కటే ఇంకా తన చేతిలో మిగిలింది.

శనివారం మళ్లీ రాజమండ్రి బస్సెక్కింది. ఈసారి హాస్టల్ గేటు దగ్గర ఆగలేదు.

విజిటర్స్ గదిలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫ్యాను. లావణ్య డ్యూటీ నుంచి వచ్చి ఇంకా యూనిఫాం మార్చుకోలేదు. తల్లిని చూసి కంగారుపడింది. తబిత మొదట గల్ఫ్ సంగతి చెప్పింది, తర్వాత నాన్న సంగతి, తర్వాత మాత్రల డబ్బా. ఎక్కడా ఆగలేదు. ఆగితే మళ్లీ మొదలెట్టలేనని భయం. ఫోన్ కాలు, యాప్, గ్లాసు అన్నీ చెప్పి, చివరికి ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చుంది.

లావణ్య తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"శ్యాంబాబు మావయ్యకి నాకంటే ముందు తెలిసిందా?"

"తెలిసిందో లేదో తెలీదమ్మా."

"నేను వార్డులో ఈ పేషెంట్లకి రక్తం తీస్తానమ్మా. వాళ్ల ఫైలు బోర్లా పెట్టమని మాకు నేర్పిస్తారు, మంచం కాడ జబ్బు పేరు పైకి అనకూడదని నేర్పిస్తారు. నువ్వు పదకొండేళ్లు నాతో థైరాయిడన్నావు. నన్ను నమ్మలేదు. ఆ ఆఫీసులన్నింటినీ నమ్మావు."

ఆ మాట నిజమే. తబిత ఆఫీసుని నమ్మింది, ఎందుకంటే ఆఫీసు తనని చూసి అసహ్యించుకోదు. కూతురు అసహ్యించుకుంటే తను బతకలేదు. ఇది చెప్పాలనుకుంది, మాటలు కుదరలేదు. లావణ్య లేచి బయటికి వెళ్లిపోయింది.

అలా ఎంతసేపు కూర్చుందో తబితకి గుర్తులేదు. వార్డెను వచ్చి, ఎవరి కోసమండీ అని అడిగింది. మా అమ్మాయి వస్తుందండి అని చెప్పింది, నమ్మకం లేకుండానే. చివరికి లావణ్య మొహం కడుక్కుని, యూనిఫాం మార్చుకుని, పెన్నూ కాగితాలూ పట్టుకుని వచ్చింది. ఎర్రబడ్డ కళ్లతో తల్లిని ఎగాదిగా చూసి, "ఆఖరుసారి వైరల్ లోడ్ ఎప్పుడు చేశారు?" అంది.

*

జిల్లా కేంద్రంలో సోమవారాలు అర్జీలు తీసుకుంటారు. తల్లీకూతుళ్లు పొద్దున్నే వెళ్లి వరసలో నిలబడ్డారు. కౌంటరు అమ్మాయి ఆధార్ నంబరడిగింది, ఫోన్ నంబరడిగింది, ఓటీపీ చెప్పమంది.

"విషయం?" అంది అమ్మాయి, గట్టిగానే, వెనక పదిమందికి వినబడేలా.

"ఆరోగ్య సమాచారం బయటికి వెళ్లడం గురించండి," అంది లావణ్య. "మిగతాది లోపల అధికారి గారి దగ్గర చెప్తాం. కంప్యూటర్లో ఇంతే రాయండి."

"జబ్బు పేరు రాయాలమ్మా, గడి ఖాళీగా ఉంటే తీసుకోదు."

"అయితే గీత పెట్టండి."

గీత కూడా తీసుకోలేదు. చివరికి 'ఇతరములు' అని కొట్టాక తీసుకుంది. లోపల అధికారి, యాభై దాటిన ఆడమనిషి, వాళ్లిద్దరినీ చూసి గదిలో ఉన్న గుమస్తాని టీకి పంపింది. విన్నది చేత్తో ఒక కాగితం మీద రాసుకుంది. "ఇది నేను నెట్‌లో పెట్టను. కవర్లో పంపుతాను," అంది. ఆవిడ మంచి మనిషే అనిపించింది. అయినా మెట్లు దిగుతుంటే తబిత అడక్కుండా ఉండలేకపోయింది. "ఆ కవరు ఎవరు విప్పుతారు లావణ్యా?"

లావణ్య తల్లి చెయ్యి పట్టుకుని మెట్లు దిగించింది.

రెండు నెలలకి ఫోన్‌కి ఒక సందేశం వచ్చింది. మీ అర్జీ పరిష్కరించబడినది. అంతే. ఇంటికి ఎవరూ రాలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. ఎవరిని పట్టుకున్నారో, అసలు పట్టుకున్నారో లేదో తెలియదు. ఆ తర్వాతి నెల మందులకి వెళ్లినప్పుడు మాత్రం సుధాకర్ ఒక మాట చెప్పాడు. పింఛను జాబితాల్లో ఆ మూడక్షరాలు తీసేసి అంకె పెట్టారట. "మీ కాగితం వల్లేనేమోనండి," అన్నాడు. "ఆ అంకె అర్థమేంటో తెలిసేదాకా బాగానే ఉంటుంది," అంది తబిత. ఆయన నవ్వబోయి మానేశాడు.

ఎన్నికలైపోయాయి. శ్యాంబాబు పార్టీ అసెంబ్లీకి గెలిచింది, పార్లమెంటుకి ఓడింది. ఆదివారం చర్చి బయట ఎప్పటిలాగే, "బాగున్నారా అక్కా," అంటాడు. తెలిసిన కన్నూ అలాగే ఉంటుంది, తెలియని కన్నూ అలాగే ఉంటుంది. తబిత ఆ కళ్లలోకి చూడడం మానేసింది. సత్తిరాజు కూతురు మరో ముగ్గురు పిల్లలతో కలిసి ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకుంటోంది. హెచ్చెమ్ సూర్యకళ మేడం ఒక రోజు షెడ్డుకి వచ్చి, ఏమీ అడగకుండా, తబిత వడ్డించిన కంచంలో అక్కడే నిలబడి తిని వెళ్లింది. తెలిసి తిన్నదో, తెలియక తిన్నదో అదీ తబితకి తెలియదు. లావణ్య ఇప్పుడు పొద్దున్న ఫోన్ చేస్తే తిన్నావా అని కాకుండా వేసుకున్నావా అని అడుగుతుంది. ఆ ఒక్క కాలు వచ్చినప్పుడు కూడా తబితకి ముందు గుండె జారుతుంది, తర్వాతే పేరు చూస్తుంది.

జూన్‌లో బడి తెరిచాక పిల్లలకి కొత్త గుర్తింపు నంబర్లు ఇస్తామని, తల్లిదండ్రుల సంతకాలు తెమ్మని కాగితాలు పంచారు. మధ్యాహ్నం గంట కొట్టేముందు ఒకామె షెడ్డు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. కొబ్బరి వలుపు పనికి వెళ్లే మనిషి. చేతిలో మడిచిన కాగితం.

"అక్కా, నువ్వు దేశాలు తిరిగినదానివి. దీని మీద సంతకం పెట్టనా, మాననా? నాకు చదువు రాదు."

తబిత చేతులు కడుక్కుని కాగితం తీసుకుంది. మెల్లగా, పెదాలు కదుపుతూ చదివింది. పిల్ల పేరు, పుట్టిన తేదీ, తల్లి ఆధార్, రక్తం గ్రూపు. కింద చిన్న అక్షరాల్లో, నా ఇష్టపూర్వకంగా ఇస్తున్నాను అని ఉంది.

"పెట్టకపోతే ఏమవుద్ది?" అంది ఆమె.

"తెలీదమ్మా."

"పెడితే?"

తబిత కాగితం మళ్లీ అదే మడత మీద మడిచి ఇచ్చింది. "సాయంత్రం ఉండు. మనిద్దరం కలిసి మేడం గారినడుగుదాం, ఇది ఎక్కడికెళ్తుందో. ఆవిడకి తెలియకపోతే, ఎవరికి తెలుసో చెప్పమందాం."

ఆమె సరేనని గుమ్మం పక్కన నీడలో చతికిలబడింది. గంట కొట్టారు. పిల్లలు కంచాలు మోగించుకుంటూ వరసలో వచ్చారు. తబిత గరిటె అందుకుంది.